ఒక పొదుగు నుంచి ఇంకో పొదుగుకు: అంటు పొదుగువాపు మీ పాకలోకి వచ్చే దారులు వెతికి మూసేదెలా

మా పాకలో అప్పుడు తొమ్మిది జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకర ఆవులుండేవి. వాటిలో ఒకటి సంతలో కొన్న మూడో ఈత ఆవు. కొన్నప్పుడు పొదుగు కుండలా ఉంది. అక్కడే పిండి చూశాం, పాలు తెల్లగానే వచ్చాయి. నాలుగు నెలలు తిరిగేసరికి పాలకేంద్రం చీటీలో పాలలోని వెన్న కాని ఘనపదార్థాల శాతం, అంటే ఎస్‌ఎన్‌ఎఫ్ 8.5 నుంచి 8.1కి దిగింది. దాణా మార్చాం, మినరల్ మిక్చర్ పెంచాం. ఏ ఆవుకూ వాపు లేదు, నొప్పి లేదు, మేత మానలేదు. చివరికి పశువుల డాక్టరుగారు వచ్చి, నాలుగు గుంటలున్న ప్లాస్టిక్ పలకలో పాలు పిండించి, మందు పోసి తిప్పారు. తొమ్మిదింటిలో ఐదు ఆవుల పాలు కోడిగుడ్డు తెల్లసొనలా జిగటకట్టాయి. ఆయన మందుచీటీ రాయకముందు అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఏది ముందు పిండుతావు, ఏది వెనక పిండుతావు, వరసగా చెప్పన్నా."

చెప్పాను. ఆ ఐదింటిలో మొదటిది సంత ఆవు. మిగతా నాలుగూ దాని తర్వాత పిండేవి.

పొదుగువాపు అనగానే మనకు పేడ, బురద, తడి నేల గుర్తొస్తాయి. అది ఒక రకం. ఇ.కోలై లాంటి సూక్ష్మజీవులు కొట్టంలోని మురికిలో పెరిగి, ఆవు పడుకున్నప్పుడు చనుమొన గుండా లోపలికి పోతాయి. ఇక్కడ చెప్పబోయేది రెండో రకం, అంటు పొదుగువాపు. స్టెఫైలోకాకస్ ఆరియస్, స్ట్రెప్టోకాకస్ అగలాక్షియే దీనికి ముఖ్యమైన కారణాలు. వీటి అసలు నివాసం జబ్బుపడ్డ ఇంకో ఆవు పొదుగు. అక్కడి నుంచి పాలు పిండే వేళలో చేతుల మీద, గుడ్డ మీద, మెషిన్ రబ్బరు మీద ప్రయాణం చేసి పక్క ఆవుకు చేరతాయి. అందుకే కొట్టం అద్దంలా కడిగిపెట్టినా ఈ జబ్బు ఆగదు. దారి ఎక్కడుందో కనిపెట్టి దాన్ని మూయాలి.

మొదటి అడుగు: జబ్బు ఏ పొదుగులో దాగి ఉందో కనిపెట్టడం

పైకి కనిపించే పొదుగువాపు సులువుగా తెలుస్తుంది. పొదుగు గట్టిపడుతుంది, వేడిగా ఉంటుంది, పాలలో పలుకులు పడతాయి, ఆవు ముట్టనివ్వదు. అంటు రకం మాత్రం నెలల తరబడి పైకి కనిపించకుండానే ఉంటుంది. పాలు కొద్దిగా తగ్గుతాయి, ఉప్పదనం వస్తుంది, కాస్తే ఒక్కోసారి విరుగుతాయి, ఎస్‌ఎన్‌ఎఫ్ పడిపోతుంది. ఆ ఆవు ఆరోగ్యంగా తిరుగుతూనే రోజుకు రెండు పూటలా మిగతావాటికి జబ్బు పంచుతుంటుంది.

రోజూ చేయగలిగింది తొలిధారల పరీక్ష. ప్రతి చన్ను నుంచి మొదటి మూడు నాలుగు ధారలు నల్లటి పళ్లెంలోకో, గ్లాసుకు బిగించి కట్టిన నల్లగుడ్డ మీదికో పిండండి. తెల్ల గిన్నెలో కనిపించని సన్నటి పలుకులు నలుపు మీద బియ్యపు నూకల్లా తేలిపోతాయి. ఆ ధారలు నేల మీదగానీ, మీ అరచేతిలోగానీ పిండొద్దు. అరచేతిలో పిండి చూసుకోవడం మనలో చాలామందికి ఉన్న అలవాటే. ఆ చెయ్యే తర్వాతి చన్ను పట్టుకుంటుంది.

నెలకోసారి చేయాల్సింది సీఎంటీ (కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్), డాక్టరుగారు పలకలో చేసిన పరీక్ష ఇదే. పొదుగు నాలుగు భాగాల్లో ఏ ఒక్కదాని పాలూ ఇంకోదానిలోకి పోవు. కాబట్టి పలకలోని నాలుగు గుంటల్లో నాలుగు చన్నుల పాలు వేర్వేరుగా, రెండు మూడు మిల్లీలీటర్ల చొప్పున తీసుకోవాలి. అంతే కొలత సీఎంటీ ద్రావణం పోసి పది పదిహేను సెకన్లు గుండ్రంగా తిప్పాలి. నీళ్లలా జారితే మంచిది. అడుగున సన్నటి తీగలా సాగితే అనుమానం. ముద్దగా గుంట మధ్యకు చేరి, వంచినా కదలకపోతే ఆ చన్నులో జబ్బు ముదిరినట్టే. అలా చిక్కబడేది సూక్ష్మజీవులతో పోరాడటానికి వచ్చిన తెల్లకణాల వల్ల. ల్యాబులో లెక్కపెట్టిస్తే మంచి పొదుగు పాలలో మిల్లీలీటరుకు లక్ష కణాలకు లోపే ఉంటాయి, 2 లక్షలు దాటితే జబ్బు ఉందని అనుమానించాలి.

ద్రావణం దొరక్కపోతే బట్టలుతికే పొడితో కూడా పని జరుగుతుంది. లీటరు నీటికి 30 గ్రాముల పొడి కరిగించి, పాలూ ఆ నీళ్లూ సమానంగా కలిపి తిప్పండి. ముందు ఆరోగ్యంగా ఉన్న ఆవు పాలతో ఒకసారి చేసి చూస్తే తేడా కంటికి అలవాటవుతుంది. ఈనిన మొదటి వారంలోనూ, వట్టిపోయే ముందు రోజుల్లోనూ మంచి పాలు కూడా కొంత చిక్కబడతాయి కాబట్టి అప్పుడు ఈ పరీక్షను నమ్మొద్దు.

పరీక్షలో చిక్కబడిన చన్నుల పాలను మీ జిల్లాలోని పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపండి. ఏ సూక్ష్మజీవి, ఏ మందుకు లొంగుతుంది అన్నది అక్కడే తేలుతుంది. శాంపిల్ తీసేటప్పుడు చనుమొనను స్పిరిట్ దూదితో దూది తెల్లగా వచ్చేదాకా తుడవండి. మొదటి ధారలు వదిలేసి, శుభ్రమైన సీసాను ఏటవాలుగా పట్టుకుని పిండి, ఐసు పెట్టెలో పెట్టి ఆ రోజే పంపండి. ఒక మెలిక ఉంది: స్టెఫైలోకాకస్ ఆరియస్ ప్రతి రోజూ పాలలోకి రాదు. ఒకసారి రిపోర్టులో లేదని వచ్చినంత మాత్రాన ఆ ఆవు పొదుగు మంచిదని కాదు, అనుమానం ఉంటే మళ్లీ పంపాలి.

జబ్బు తేలిన ఆవు వెనక కాలికి ఎర్రగుడ్డ కట్టేయండి. ఇంట్లో ఎవరు పిండడానికి కూర్చున్నా కంటబడాలి.

రెండో అడుగు: ఒక పూట పిండకుండా కూర్చుని చూడటం

ఈ మొత్తంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. ఒక సాయంత్రం చెంబు ముట్టకుండా, మా వదిన పిండుతుంటే పక్కన కూర్చుని, ఆమె చెయ్యి ఎక్కడెక్కడికి పోతోందో మాత్రమే చూశాను. తప్పు ఆమెది కాదు. నేను పిండినా అలాగే పిండేవాణ్ణి.

ఒకటే మగ్గు నీళ్లు, ఒకటే తువ్వాలు. మొదటి ఆవు పొదుగు కడిగింది, తుడిచింది, తువ్వాలు భుజాన వేసుకుంది. రెండో ఆవుకు అదే తువ్వాలు. మూడో ఆవుకు వచ్చేసరికి అది పిండితే నీళ్లు కారేంత తడిగా ఉంది. పొదుగంతా కడిగింది కానీ సరిగా ఆరలేదు, కాబట్టి ఆ మురికినీరు చన్ను వెంట జారి సరిగ్గా చనుమొన దగ్గర బొట్టుగా నిలిచింది. పిండడం మొదలుపెట్టాక చన్ను పొడిబారి చెయ్యి జారకపోతే, గిన్నెలోని పాలలో రెండు వేళ్లు ముంచి చన్నుకు రాసింది. ఆ గిన్నెలో ఉన్నది ముందు పిండిన ఆవు పాలు.

ఈ చివరిదాన్ని ఆపితే సగం దారి మూసినట్టే అని నా నమ్మకం. ఒక ఆవు పాలను, లక్షల సూక్ష్మజీవులతో సహా, ఇంకో ఆవు చనుమొన మీద మనమే పూస్తున్నాం. కొన్నిచోట్ల పాలకు బదులు ఉమ్ము వాడతారు. మనిషి చర్మం మీద, ముక్కులో కూడా స్టెఫైలోకాకస్ ఆరియస్ ఉంటుంది, కాబట్టి అదీ కూడదు. చేతికి పుండు, గోరుచుట్టు, సెగ్గడ్డ ఉన్నవాళ్లు మానేదాకా పిండకూడదు. తప్పకపోతే గ్లవ్స్ వేసుకోవాలి.

మీరు చూసేటప్పుడు ఇవి కూడా గమనించండి. జబ్బు ఆవును ముందు పిండుతున్నారా, వెనకనా? ఒకే మనిషి నాలుగిళ్లు తిరిగి పిండుతుంటే, మీ పాకకు వచ్చే ముందు చేతులు సబ్బుతో కడుగుతున్నాడా? ఒక ఆవు దూడ ఇంకో ఆవు చన్ను పట్టుకుంటోందా? దూడలు పాలు తాగాక ఒకదాని చన్నులు ఒకటి చీకుతున్నాయా? ఈ ఆఖరి సంగతి చాలామంది పట్టించుకోరు. జబ్బుపడ్డ పాలు తాగిన పెయ్యదూడ అదే నోటితో పక్క పెయ్యను చీకితే, ఆ సూక్ష్మజీవి చిన్ననాడే పొదుగులో చేరుతుంది. రెండేళ్లు ఆశగా పెంచుకున్న పెయ్య తొలిచూలు ఈనగానే ఒక చన్ను గుడ్డిదై రావడానికి ఇదొక కారణం. పెయ్యల చనుమొనల మీద వాలి కుట్టే ఈగలు ఇంకో కారణం. జబ్బు ఆవు పాలు దూడలకు పట్టకండి. పాలు తాగాక కాసేపు దూడలను విడివిడిగా కట్టేయండి.

మూడో అడుగు: చనుమొనను దగ్గరగా చూడటం

పొదుగుకు ఉన్న తలుపు చనుమొన ఒక్కటే. ఆ రంధ్రం చుట్టూ బిగించే కండరం, లోపల మైనంలాంటి పూత, ఈ రెండే కాపలా. చర్మం నున్నగా ఉంటే సూక్ష్మజీవి నిలవడానికి చోటు ఉండదు. పగుళ్లు, పుండ్లు, పులిపిర్లు ఉంటే స్టెఫైలోకాకస్ అక్కడే కాపురం పెట్టి, పిండిన ప్రతిసారీ లోపలికి పోతుంది.

బొటనవేలు మడిచి, దాని కణుపుకూ వేళ్లకూ మధ్య చన్నును నలిపి పిండే అలవాటు మన ప్రాంతంలో ఎక్కువ. పాలు త్వరగా వస్తాయనిపిస్తుంది కానీ లోపలి పొర నలిగి గాయపడుతుంది, కొన్నాళ్లకు చన్నులో గట్టి ముడి తగులుతుంది. చన్నును గుప్పిట నిండా పట్టుకుని, పైనుంచి కిందికి వేళ్లు ఒక్కొక్కటిగా మూస్తూ పిండటమే మంచి పద్ధతి. అలవాటయ్యేదాకా చెయ్యి నొప్పి పుడుతుంది, వారం పది రోజుల్లో సర్దుకుంటుంది.

గాలికుంటు వచ్చినప్పుడు చన్నుల మీద కూడా పొక్కులు లేస్తాయి. అవి చితికి పచ్చిగా ఉన్న రోజుల్లోనే పొదుగువాపు తగులుకుంటుంది. ముద్దచర్మ వ్యాధిలోనూ చన్నుల మీద గడ్డలు పగిలి ఇదే జరుగుతుంది. అందుకని ఆరు నెలలకోసారి వేసే గాలికుంటు టీకా పొదుగును కాపాడే పని కూడా చేస్తుంది, వదులుకోవద్దు.

వయసూ ఒక ముప్పే. ఈతలు పెరిగేకొద్దీ చనుమొన రంధ్రం వదులవుతుంది, పొదుగు కిందికి జారుతుంది. అంతకాలంగా పిండించుకున్న ఆవు కాబట్టి సూక్ష్మజీవి తగిలే సందర్భాలూ ఎక్కువే. నాలుగైదు ఈతలు దాటిన ఆవును ప్రతి నెలా తప్పకుండా పరీక్షించండి. ఈనిన మొదటి నెల ఏ ఆవుకైనా ఒంట్లో శక్తి తక్కువగా ఉండే సమయం. అప్పుడు విటమిన్ ఇ, సెలీనియం ఉన్న మినరల్ మిక్చర్ అందాలి.

చేపుకు రావడానికి ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ పొడవడం కూడా ఇక్కడే చెప్పాలి. రోజూ పొడిస్తే ఆవు తనంతట తాను చేపడం మర్చిపోతుంది. సూది లేని పూట పాలు లోపలే మిగిలిపోతాయి, మిగిలిన పాలలో సూక్ష్మజీవి పెరుగుతుంది. డాక్టరు రాయకుండా అది వాడటం నేరం కూడా.

నాలుగో అడుగు: పిండే పద్ధతి మార్చడం

వరస ముందు మార్చండి. తొలిచూలు ఆవులు, పరీక్షలో మంచివని తేలినవి ముందు. అనుమానం ఉన్నవి తర్వాత. ఎర్రగుడ్డ ఆవులు చివర, వాటికి వేరే గిన్నె. మెడ తాళ్లు మార్చి కట్టుకోవడం తప్ప దీనికి పైసా ఖర్చు లేదు.

ప్రతి ఆవుకూ ముందు చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోండి. పొదుగంతా నీళ్లతో తడపొద్దు. చన్నులు మాత్రమే కడిగి, ఆవుకొక గుడ్డ చొప్పున పొడిగా తుడవండి. పాత నూలు చీరను చేతిరుమాళ్లంత ముక్కలు చేసుకుంటే పది ఆవులకు రెండు పూటలా సరిపోతాయి. రోజూ వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. చన్ను జారకపోతే డాక్టరును అడిగి పొదుగుకు వాడే క్రీము తెచ్చుకోండి. పాలలో వేలు మాత్రం ముంచొద్దు. కడిగి తుడిచిన నిమిషం, నిమిషన్నరలో పిండటం మొదలుపెడితే ఆవు చేపులో ఉంటుంది, ఐదారు నిమిషాల్లో పొదుగు ఖాళీ అవుతుంది.

పిండాక చన్నులను మందులో ముంచడం అన్నిటికీ మించిన రక్ష. 1960లలో ఇంగ్లండ్‌లో రీడింగ్ దగ్గరి పాడి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించిన ఐదు సూత్రాల పద్ధతిలో ఇదొకటి. వట్టిపోయేటప్పుడు మందు ఎక్కించడం, జబ్బు కనిపించగానే వైద్యం, నయం కాని ఆవును తీసేయడం, మెషిన్ సరిగా ఉంచుకోవడం మిగతా నాలుగు. ఇన్నేళ్ల తర్వాత కూడా అంటు పొదుగువాపుకు ఇంతకన్నా నమ్మకమైన దారి లేదు.

మందుకు అయోడిన్ 0.5 శాతం ఉన్న టీట్ డిప్ కొనుక్కోవచ్చు. లేదా 5 శాతం పోవిడోన్ అయోడిన్ తీసుకోండి, దానిలో పనిచేసే అయోడిన్ 0.5 శాతమే. చర్మం పగలకుండా పది వంతులకు ఒక వంతు గ్లిజరిన్ కలపండి. చిన్న కప్పులో పోసి, ఆఖరి ధార పిండిన వెంటనే ఒక్కో చన్నును మొదలు దాకా ముంచి తీయండి. స్ప్రే అయితే మనవైపు తడుస్తుంది కానీ వెనకవైపు పొడిగా మిగిలిపోతుంది, నేను కప్పునే నమ్ముతాను. కప్పులో పేడ పడితే పారబోసి కడగండి. మిగిలింది మళ్లీ సీసాలో పోయొద్దు.

పిండాక చనుమొన రంధ్రం పూర్తిగా మూసుకోవడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. అందాకా ఆవు పడుకోకుండా ఉండాలంటే పిండిన వెంటనే పచ్చిమేత వేయండి. మేత ముందు వేసి పిండటం మన అలవాటు కాబట్టి, ఉన్న మేతలో సగం తర్వాతకు దాచుకుంటే సరి.

మెషిన్ ఉన్నవాళ్లకు

చన్నులకు తొడిగే కప్పుల లోపలి రబ్బరు గొట్టాలు, అంటే లైనర్లు, పగిలేదాకా వాడటమే ఇక్కడ పెద్ద తప్పు. పైకి బాగున్నా లోపల సన్నటి పగుళ్లలో పాలు, సూక్ష్మజీవులు నిలుస్తాయి. సుమారు 2500 సార్లు పిండాక, లేదా ఆరు నెలలకు, ఏది ముందైతే అప్పుడు మార్చేయాలి. పాలు లాగే వ్యాక్యూమ్ ఎక్కువైతే చనుమొన తెల్లగా, గట్టిగా ఉబ్బి బయటికొస్తుంది. పాలు ఆగాక కూడా మెషిన్ ఉంచేయడం, వ్యాక్యూమ్ ఆపకుండా కప్పులు లాగేయడం మానండి. అలా లాగినప్పుడు గాలి లోపలికి దూసుకుపోయి పాలచుక్కలను ఎదురుగా చనుమొనలోకి కొడుతుంది.

ఐదో అడుగు: కొనేటప్పుడు

సంతలో పాలు తెల్లగా ఉన్నాయని మోసపోయాను కాబట్టి ఇది గట్టిగా చెబుతాను. కొనే ముందు పలక, ద్రావణం జేబులో పెట్టుకుని వెళ్లండి. ఈనిన వారం దాటిన ఆవైతే అక్కడికక్కడే నాలుగు చన్నులూ పరీక్షించండి. దళారి విసుక్కుంటే విసుక్కోనివ్వండి, లక్ష రూపాయల బేరంలో ఐదు నిమిషాలు ఎక్కువేం కాదు. పొదుగు పూర్తిగా పిండించాక చేత్తో ఒత్తి చూడండి. పిండినా మెత్తబడని గడ్డ తగిలితే పాత జబ్బు ఉందని అర్థం. ఒక చన్ను చిన్నగా ఉన్నా, ధార సన్నగా వస్తున్నా అడిగి తెలుసుకోండి. వీలైతే సంతలో కన్నా, పాల లెక్కలు చూపించే రైతు ఇంటి నుంచి కొనండి.

తెచ్చాక కూడా పరీక్ష, ల్యాబు రిపోర్టు వచ్చేదాకా విడిగా కట్టేసి అన్నిటికన్నా చివర పిండండి. మైకోప్లాస్మా అనే మరో అంటు సూక్ష్మజీవి కూడా ఇలా కొన్న ఆవులతోనే వస్తుంది. దానికి పనిచేసే మందు లేనే లేదు.

ఆరో అడుగు: వట్టిపోయేటప్పుడు

ఈనడానికి రెండు నెలల ముందు పాలు ఎండగట్టే రోజు చాలా విలువైనది. లోపల దాగిన సూక్ష్మజీవిని పాలున్న రోజుల్లో కన్నా అప్పుడు చంపడం సులువు, పాలు పారబోయాల్సిన పనీ ఉండదు. ఆఖరిసారి పొదుగు పూర్తిగా పిండి, డాక్టరు రాసిన డ్రై కౌ ట్యూబులు నాలుగు చన్నులకూ ఎక్కించాలి.

ఎక్కించే చెయ్యే సూక్ష్మజీవిని లోపలికి నెట్టకూడదు. అందుకని స్పిరిట్ దూదితో తుడిచేటప్పుడు మీకు దూరంగా ఉన్న రెండు చన్నులు ముందు, దగ్గరవి తర్వాత తుడవండి. ట్యూబు ఎక్కించేటప్పుడు దగ్గరవి ముందు, దూరంవి తర్వాత. అలా చేస్తే తుడిచిన చన్నుకు మీ ముంజేయి తగలదు. ట్యూబు మొన మొత్తం గుచ్చొద్దు, కొస మాత్రం లోపల పెట్టి నొక్కితే చాలు. ఒక్కో చన్నుకు కొత్త దూది, కొత్త ట్యూబు. తర్వాత అయోడిన్‌లో ముంచి వదిలేయండి.

ఏడో అడుగు: వైద్యం, తీసేయాల్సిన ఆవు

స్ట్రెప్టోకాకస్ అగలాక్షియే అని రిపోర్టు వస్తే ధైర్యంగా ఉండండి. అది పెన్సిలిన్ జాతి మందులకు బాగా లొంగుతుంది. జబ్బు ఆవులన్నిటికీ ఒకేసారి వైద్యం చేయిస్తే మందలోంచి పూర్తిగా పోగొట్టవచ్చు. స్టెఫైలోకాకస్ ఆరియస్ అలా కాదు. పొదుగు కండలో చిన్న చిన్న చీముగూళ్లు కట్టుకుని, కణాల లోపల కూడా దాక్కుంటుంది, మందు అక్కడికి చేరదు. చిన్న వయసు ఆవు, ఒకే చన్ను, కొత్తగా తగిలిన జబ్బు అయితే నయమయ్యే అవకాశం బాగానే ఉంటుంది. ముసలి ఆవు, రెండు మూడు చన్నులు, గడ్డకట్టిన పొదుగు అయితే డబ్బు పోస్తూ పోవడమే.

ఎన్ని ట్యూబులు రాస్తే అన్నీ వేయించండి. రెండోదానికే పాలు తెల్లబడ్డాయని ఆపితే జబ్బు మళ్లీ తిరగబడుతుంది, ఈసారి ఆ మందుకు లొంగకపోవచ్చు. ట్యూబు మీద రాసినన్ని రోజులు ఆ ఆవు నాలుగు చన్నుల పాలూ కేంద్రానికి పోయొద్దు, ఇంట్లో వాడొద్దు. మందు మాట అలా ఉంచితే, స్టెఫైలోకాకస్ పాలలో వదిలే విషం కాచినా పోదు, మనుషులకు వాంతులు విరేచనాలు తెస్తుంది. ఆ పాలు కొట్టానికి దూరంగా గుంతలో పోసి పూడ్చండి. అత్యవసరమైతే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

రెండుసార్లు పూర్తి వైద్యం, ఒకసారి డ్రై కౌ ట్యూబులు వేయించినా పాలు చిక్కబడుతూనే ఉంటే, ఆ ఆవును మందలో ఉంచకూడదు. సంత ఆవును నేను అలాగే తీసేశాను. మేపిన ఆవును పంపేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. దాన్ని ఇంకో పాడిరైతుకు నిజం దాచి అమ్మితే, నాకు జరిగిందే ఆయనకు జరుగుతుంది. జబ్బు సంగతి చెప్పే అమ్మాలి.

లెక్క రాసుకోవడం

ఒక నోటుబుక్కులో ఆవు పేరు, ఈత, నాలుగు చన్నుల పరీక్ష ఫలితం, తేదీ రాసుకోండి. ముందు కుడి, ముందు ఎడమ, వెనక కుడి, వెనక ఎడమ అని నాలుగు గడులు చాలు. నెల నెలా పక్కపక్కన పెట్టి చూస్తే రెండు సంగతులు విడివిడిగా కనిపిస్తాయి. పోయిన నెల జబ్బున్న చన్ను ఈ నెలా అలాగే ఉంటే వైద్యం పనిచేయలేదని అర్థం, డాక్టరుతో మాట్లాడాలి. పోయిన నెల శుభ్రంగా ఉన్న చన్ను ఈ నెల చిక్కబడితే దారి ఇంకా తెరిచే ఉందని అర్థం. అప్పుడు ట్యూబుల కోసం పరుగెత్తకుండా, ఆ సాయంత్రం మళ్లీ పిండేవాళ్ల పక్కన కూర్చుని వాళ్ల చేతులు చూడండి.